బండి దిగబడితే తాడు ఎక్కడ తగిలించాలి? రికవరీ పాయింట్ల లెక్క మొత్తం

వానలు మొదలయ్యాయి కదా, ఆదివారం పొద్దున్నే మేడ్చల్, శామీర్‌పేట వైపు థార్‌లు, జిమ్నీలు, గూర్ఖాలు వరస కట్టి పోతున్నాయి. రాజీవ్ రహదారి ఎక్కి శామీర్‌పేట చెరువు దాటారంటే ఎటు తిరిగినా మట్టి దారే. సాయంత్రానికి వాటిలో ఒకటో రెండో ఎక్కడో ఒక చోట దిగబడి ఉంటాయి. అప్పుడు ఏం జరుగుతుందో మీకూ తెలుసు. ఒకరు తాడు తెస్తారు. ఇంకొకరు బంపర్ కింద చెయ్యి పెట్టి తడిమి, "ఇక్కడ ఏదో రింగ్ ఉంది రా, తగిలించు" అంటారు. మిగతా అందరూ ఫోన్లు తీస్తారు.

ఈ ఎపిసోడ్ మొత్తం ఆ "ఏదో రింగ్" గురించే. ఎందుకంటే దిగబడిన బండి వల్ల మనుషులకి దెబ్బలు తగలడం తక్కువ. గుంజేటప్పుడు ఊడొచ్చిన ఇనుప ముక్క వల్లే తగులుతాయి. ఆ ముక్క ఊడుతుందా లేదా అన్నది మనం తాడు ఎక్కడ తగిలించామో అక్కడే తేలిపోతుంది.

ఇది ఆఫ్-రోడింగ్ చేసేవాళ్ళకి మాత్రమే కాదు. 2020 అక్టోబర్ 13 వాన గుర్తుందా? మన మేడ్చల్ జిల్లాలోనే ఘట్‌కేసర్ దగ్గర ఒక్క రోజులో 32 సెంటీమీటర్ల వాన పడింది. అలాంటి రోజు మామూలు హ్యాచ్‌బ్యాక్‌ని కూడా తాడు కట్టి గుంజాల్సి వస్తుంది. అందుకని మీ దగ్గర ఏ బండి ఉన్నా చివరి దాకా చూడండి.

ఇక్కడి నేల ఎలా మోసం చేస్తుంది

మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ఎక్కువగా ఉండేది ఎర్ర నేల, మన దగ్గర చల్క అంటారు. గ్రానైట్ రాయి అరిగి అరిగి ఏర్పడిన నేల. కొంచెం ఇసుక కలిసి ఉంటుంది, వాన ఆగిన కాసేపటికే నీళ్ళు ఇంకిపోతాయి, టైరుకి పట్టు దొరుకుతుంది. దాని మీద నాలుగు ఆదివారాలు నడిపితే ధైర్యం వచ్చేస్తుంది. ఆ ధైర్యంతోనే చెరువు శిఖంలోకి దిగుతాం. శిఖం అంటే చెరువు నీళ్ళు వెనక్కి పోయినప్పుడు బయటపడే నేల.

అక్కడి మట్టి వేరు. ఏళ్ళ తరబడి వాన నీళ్ళతో కొట్టుకొచ్చిన సన్నటి పూడిక అది. పైన ఎండకి పెచ్చు కట్టి, నెర్రెలు బారి, టెన్నిస్ కోర్టులాగా కనిపిస్తుంది. ఒక అడుగు కింద ఇంకా తడి ఉంటుంది. మనిషి నడిస్తే ఓర్చుకుంటుంది, మేక నడిస్తే ఓర్చుకుంటుంది, రెండు టన్నుల బండి ఎక్కితే పెచ్చు పగిలి బండి కడుపు దాకా కూర్చుంటుంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో ఈ పూడికనే తవ్వి పొలాలకి తోలారు. అది పొలానికి ఎందుకు మంచిదో టైరుకి అందుకే చెడ్డది. సన్నటి బంకమట్టి, నీళ్ళని పట్టుకుంటే వదలదు. అదే పద్ధతిలో మీ బండిని కూడా వదలదు.

ఇంకో మాట. శిఖంలో, రిజర్వ్ ఫారెస్ట్‌లో, నాటేసిన మడిలో బండి దింపడం సరదా కాదు. ఒకటి చట్టంతో గొడవ, ఇంకోటి రైతు కడుపు మీద కొట్టడం. నడపడానికి అనుమతి ఉన్న ట్రాక్ చూసుకోండి. ఈ ఎపిసోడ్ అనుకోకుండా దిగబడినప్పటి కోసం.

ఎంత బలం పడుతుంది?

ఇంటర్ ఫిజిక్స్ కొంచెం బయటికి తీద్దాం, భయపడకండి.

థార్ ఖాళీ బరువు సుమారు 1,750 కిలోలు. ఇద్దరు మనుషులు, సామాను వేసుకుంటే రెండు టన్నులు అనుకుందాం. అమెరికా సైన్యం వాడే రికవరీ మాన్యువల్‌లో ఒక మోటు లెక్క ఉంది. టైర్ల లోతు దిగబడితే బండిని కదిలించడానికి దాని బరువంత బలం కావాలి. ఫెండర్ దాకా మునిగితే రెండింతలు. క్యాబిన్ దాకా మునిగితే మూడింతలు. అంటే మన రెండు టన్నుల బండికి 2, 4, 6 టన్నులు. "ఫస్ట్ గేర్‌లో కొంచెం లాగితే వచ్చేస్తుంది" అనే మాట ఇక్కడ చెల్లదు.

ఇది మెల్లగా గుంజినప్పటి లెక్క. మనవాళ్ళు మెల్లగా గుంజరు. తాడు వదులుగా పెట్టి, ముందు బండిని ఉరికించి ఝట్కా ఇస్తారు. ఆ ఝట్కా లెక్క చూడండి.

రెండు టన్నుల బండి గంటకి 10 కిలోమీటర్ల వేగంతో పోతోంది. దాంట్లో ఉన్న గతిశక్తి సుమారు 7,700 జూల్స్. తాడు బిగుసుకోగానే ఈ శక్తి అంతా ఎక్కడికో పోవాలి. ఇనుప గొలుసు కట్టామనుకోండి. గొలుసు సాగదు. మొత్తం కలిపి 10 సెంటీమీటర్లలో బండి ఆగిపోయింది అనుకుందాం. 7,700ని 0.1తో భాగిస్తే 77,000 న్యూటన్లు, అంటే సగటున దగ్గర దగ్గర 7.8 టన్నుల బలం. ఇంత బలం ఒకేసారి మీ హుక్ మీద పడింది. బండి వేగం చూస్తే 10 కిలోమీటర్లే, సైకిల్ అంత.

ఇప్పుడు గొలుసు తీసేసి సాగే కైనెటిక్ తాడు పెడదాం. 9 మీటర్ల తాడు, 20 శాతం సాగిందంటే 1.8 మీటర్లు. అదే 7,700 జూల్స్‌ని 1.8తో భాగిస్తే సగటు బలం 440 కిలోల దగ్గర ఉంటుంది, తాడు స్ప్రింగ్ లాంటిది కాబట్టి చివర్లో దానికి రెండింతలు, 900 కిలోల లోపు. దీనికి ఇంజిన్ గుంజే బలం కూడా కలుస్తుంది, అయినా గొలుసుకీ దీనికీ పోలికే లేదు. అందుకే ఝట్కా ఇవ్వాలంటే కైనెటిక్ తాడుతోనే. గొలుసు, స్టీల్ వైర్, లారీ మోకుతో ఝట్కా వద్దే వద్దు.

కానీ ఆగండి. వేగం రెండింతలు చేసి 20కి పోతే శక్తి నాలుగింతలు అవుతుంది, 30,000 జూల్స్ దాటుతుంది. "రాలేదు రా, ఇంకొంచెం స్పీడ్‌గా రా" అన్న ప్రతిసారీ ఈ లెక్క గుర్తు తెచ్చుకోండి.

ఇంకో సంగతి. సాగిన తాడులో ఆ శక్తి ఉండిపోతుంది. హుక్ ఊడిందంటే ఆ శక్తి ఊడిన ముక్కకి వెళ్తుంది. ఒక కిలో ఇనుప ముక్కకి అందులో 1,000 జూల్స్ అందాయి అనుకోండి, మొత్తంలో ఏడో వంతు కూడా కాదు. ఆ ముక్క గంటకి 160 కిలోమీటర్ల వేగంతో వస్తుంది. కారు అద్దం దాన్ని ఆపలేదు.

తాడు తగిలించకూడని చోట్లు

వీడియోలో నేను బండి కింద టార్చ్ వేసి ఒక్కొక్కటి చూపించాను. ఇక్కడ అదే వరసలో చెప్తున్నా.

మొదటిది టో బాల్. ట్రైలర్ తగిలించడానికి వెనక ఉండే గుండ్రటి ఇనుప బంతి. చూడటానికి మహా గట్టిగా ఉంటుంది, తాడు లూప్ చక్కగా పడుతుంది, అందుకే అందరూ వాడతారు. కానీ దాన్ని ట్రైలర్ బరువు మోయడానికి, రోడ్డు మీద నిదానంగా లాగడానికి తయారు చేశారు. ఝట్కా పడితే దాని మెడ దగ్గర విరుగుతుంది, తుపాకీ గుండులా ఎగురుతుంది. ఆస్ట్రేలియాలో ఇలా ఎగిరిన టో బాల్ అద్దం పగలగొట్టుకొని వచ్చి మనుషుల్ని చంపిన కేసులు ఉన్నాయి. అందుకే అక్కడ ఆఫ్-రోడ్ నేర్పేవాళ్ళు మొదటి రోజే దీని గురించి చెప్తారు.

రెండోది టై-డౌన్ రింగ్. ఫ్యాక్టరీ నుంచి షోరూమ్‌కి బండిని పెద్ద ట్రక్కులో తెచ్చేటప్పుడు కదలకుండా కట్టడానికి పెట్టే రింగ్. పలచటి రేకు లేదా సన్నటి కడ్డీ, ఎక్కువగా కిందికో పక్కకో చూస్తుంటుంది. బండి కదలకుండా పట్టుకోవడమే దాని పని, అంతకు మించి దాని మీద భారం వేయకూడదు. "ఇక్కడ ఏదో రింగ్ ఉంది రా" అన్నప్పుడు చేతికి తగిలేది చాలాసార్లు ఇదే.

మూడోది స్క్రూ టో ఐ. క్రెటా, బ్రెజా లాంటి కార్లలో బంపర్ మీద చిన్న మూత ఉంటుంది. దాన్ని తీసి, టూల్ కిట్‌లో ఉన్న రింగుని మర లాగా తిప్పి బిగిస్తాం. కొన్ని కార్లలో మామూలు మరకి ఉల్టాగా తిప్పాలి, చూసుకోండి. ఇది చెడిపోయిన కారుని చదునైన రోడ్డు మీద దొర్లించుకుంటూ తీసుకెళ్ళడానికి ఇచ్చింది. నేరుగా, మెల్లగా లాగితే పని చేస్తుంది. బురదలో కూర్చున్న కారుకి ఝట్కా ఇస్తే, పక్క నుంచి లాగితే, మర దగ్గర వంగుతుంది లేదా తెగుతుంది.

నాలుగోది బుల్ బార్, బయట చేయించిన బంపర్ గార్డ్. ఎంత లావు పైపు అయినా అది దేనికి బిగించారో చూడండి, రెండు చిన్న పట్టీలకి. పైగా 2017 డిసెంబర్‌లో కేంద్ర రవాణా శాఖ వీటి మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకి రాసింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇవి అనుమతి లేని మార్పులు. అంటే రోడ్డు మీద ఫైన్, బురదలో ప్రమాదం.

అయిదోది యాక్సిల్, స్టీరింగ్ రాడ్, సస్పెన్షన్ ఆర్మ్, కమాన్ పట్టీలు. లారీవాళ్ళు యాక్సిల్‌కి కడతారు, మనం కూడా కడదాం అంటారు. లారీ యాక్సిల్ వేరు, మన బండి యాక్సిల్ వేరు. పక్కనే బ్రేక్ పైపు ఉంటుంది, ఏబీఎస్ వైరు ఉంటుంది. స్టీరింగ్ రాడ్ కొంచెం వంగినా బండి బయటికి వస్తుంది, కానీ ఇంటికి పోయే దారిలో అవుటర్ మీద 100లో ఏం చేస్తుందో చెప్పలేం.

ఆరోది హిచ్ పిన్. వెనక చదరపు గొట్టంలాంటి హిచ్ ఉన్నవాళ్ళు బాల్ తీసేసి, తాడు లూప్‌ని గొట్టంలోకి దూర్చి అడ్డంగా పిన్ పెడతారు. టో బాల్ కన్నా నయమే, కానీ పిన్ మధ్యలో వంగుతుంది, మళ్ళీ బయటికి రాదు. ఆ గొట్టంలో పట్టే రికవరీ హిచ్ అని ఒక దిమ్మె దొరుకుతుంది, దానికి షాకిల్ తగిలించాలి. అప్పుడు కూడా హిచ్‌ని చాసిస్‌కి ఎలా బిగించారో చూడాలి.

మరి ఎక్కడ తగిలించాలి?

రికవరీ పాయింట్ అంటే ఒక్క మాటలో చెప్తా. చాసిస్‌కి నేరుగా బిగించి, గుంజడానికే తయారు చేసి, ఎంత బలం ఓర్చుకుంటుందో రాసి ఉన్న పాయింట్. ఈ మూడూ ఉండాలి.

థార్, జిమ్నీ, గూర్ఖా, స్కార్పియో, బొలెరో, ఫార్చ్యూనర్, పాత జిప్సీ, ఇవన్నీ ల్యాడర్ ఫ్రేమ్ బండ్లు. కింద నిచ్చెనలాగా రెండు పొడుగాటి ఇనుప దూలాలు ఉంటాయి. మంచి పాయింట్ పెట్టడానికి చోటు ఉంటుంది. క్రెటా, డస్టర్, కంపాస్, ఎక్స్‌యూవీ700, ఇవన్నీ మోనోకాక్. విడిగా ఫ్రేమ్ ఉండదు, బాడీనే ఫ్రేమ్. వీటికి ఝట్కా రికవరీ అన్న ఆలోచనే పెట్టుకోకండి. తవ్వడం, మెల్లగా గుంజడం, అంతే.

ల్యాడర్ ఫ్రేమ్ ఉందని వెంటనే ధైర్యం తెచ్చుకోకండి. ఇంటి ముందు చదును నేల మీద బండి ఆపి, ఇంజిన్ ఆపేసి, హ్యాండ్ బ్రేక్ వేసి, టార్చ్‌తో కిందికి చూడండి. జాకీ మీద లేపి కిందికి దూరొద్దు. అయిదు ప్రశ్నలు అడగండి.

ఒకటి, ఈ హుక్ దేనికి బిగించి ఉంది? చాసిస్ దూలానికా, లేక బంపర్ పట్టీకా?

రెండు, ఎన్ని బోల్టులు, ఏ గ్రేడ్? బోల్టు తల మీద 8.8 అనో 10.9 అనో రాసి ఉంటుంది. 8.8లో మొదటి 8 అంటే చదరపు మిల్లీమీటరుకి 800 న్యూటన్ల దగ్గర తెగుతుందని, చుక్క తర్వాత 8 అంటే అందులో 80 శాతం దగ్గరే సాగడం మొదలవుతుందని అర్థం. 12 మిల్లీమీటర్ల 8.8 బోల్టు ఒకటి నేరుగా లాగితే 6.9 టన్నుల దగ్గర తెగుతుంది. అడ్డంగా కోత పడితే అందులో 60 శాతం, 4 టన్నుల చిల్లర. ఇందాక గొలుసు ఝట్కా ఎంత? 7.8 టన్నులు. ఒక్క బోల్టు మీద వేలాడే హుక్ సంగతి ఇప్పుడు మీరే చెప్పండి. తల మీద ఏమీ రాయని బోల్టు అయితే లెక్కలోకే తీసుకోకండి.

మూడు, హుక్ ఎటు చూస్తోంది? తాడు ఎటు పోతుందో అటే చూడాలి. కిందికి చూస్తుంటే అది టై-డౌన్ అని అనుమానించండి.

నాలుగు, రేటింగ్ ఎక్కడైనా ఉందా? హుక్ మీద లేకపోతే ఓనర్స్ మాన్యువల్‌లో టోయింగ్ అధ్యాయం తీయండి. గ్లవ్ బాక్స్‌లో కవర్ కూడా విప్పని పుస్తకం అదే. ఏ పాయింట్ దేనికో బొమ్మ వేసి ఉంటుంది. పీడీఎఫ్ ఫోన్‌లో పెట్టుకోండి, చెరువు దగ్గర సిగ్నల్ ఉండదు.

అయిదు, తుప్పు, పగులు, వంపు ఏమైనా ఉన్నాయా? ఒకసారి వంగిన హుక్‌ని సుత్తితో కొట్టి సరి చేసినా అది పాత హుక్ కాదు.

పాయింట్ లేకపోతే మీ మోడల్ కోసమే తయారై, చాసిస్‌లో ఉన్న రంధ్రాలకే బిగిసే రేటెడ్ కిట్ వేయించుకోండి. ఏ వర్క్‌షాప్‌లోనో రేకు ముక్క కోసి వెల్డింగ్ పెట్టించడం మాత్రం వద్దు. వెల్డింగ్ లోపలి దాకా పట్టిందో లేదో బయటి నుంచి కంటికి కనిపించదు. అది తెలిసేది గుంజినప్పుడే.

ఇక్కడ చాలామంది మర్చిపోయే విషయం ఒకటి ఉంది. మనం ముందుకి పోయి దిగబడతాం. తేలికగా బయటికి వచ్చే దారి వెనకే, వచ్చిన టైరు గాడిలోనే. అంటే ఎక్కువ సార్లు వెనక్కి గుంజాలి. కానీ డబ్బు పెట్టి ఎర్ర రంగు వేసిన అందమైన హుక్ మాత్రం ముందు పెట్టించుకుంటాం, ఫోటోలో పడుతుందని. వెనక ఏముందో చూడనే చూడం. ముందు వెనక పాయింట్ చూసుకోండి, ఆ తర్వాత ముందుది.

షాకిల్, కోణం, తాడు

పాయింట్ మంచిదే అయినా మధ్యలో ఉన్నవి నాసిరకం అయితే అంతా వృథా. తాడు నుంచి హుక్ దాకా అన్నీ ఒకే వరసలో ఉంటాయి, ఏది బలహీనమో అదే తెగుతుంది. మేం సాఫ్ట్‌వేర్‌లో సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటాం. అక్కడ సర్వర్ పడిపోతే మళ్ళీ లేపొచ్చు, ఇక్కడ పడేది మనిషి.

షాకిల్ కొనేటప్పుడు దాని మీద పని భారం పోత పోసి ఉండాలి. 19 మిల్లీమీటర్ల బో షాకిల్ మీద 4.75 టన్నులు అని, 16 మిల్లీమీటర్ల దాని మీద 3.25 టన్నులు అని ఉంటుంది. హార్డ్‌వేర్ షాపులో కిలో లెక్కన అమ్మే, ఏమీ రాయని షాకిల్ వద్దు. పక్క నుంచి లాగితే దీని బలం తగ్గుతుంది. 45 డిగ్రీల పక్కకి 70 శాతం, 90 డిగ్రీలకి సగమే మిగులుతుంది. దొరికితే సాఫ్ట్ షాకిల్ వాడండి. అది తాడుతో చేసిందే, ఊడినా ఇనుము ఎగరదు. కాకపోతే హుక్ అంచు పదునుగా ఉంటే కోసుకుపోతుంది, వేలితో తడిమి చూడండి.

ముందు రెండు హుక్‌లు ఉంటే రెండింటికీ కలిపి బ్రైడిల్ పట్టీ వేసి, మధ్యలో తాడు కట్టొచ్చు. భారం పంచుకుంటాయి. కానీ పట్టీ పొట్టిగా ఉంటే లెక్క తిరగబడుతుంది. రెండు పాయల మధ్య కోణం 60 డిగ్రీలు ఉంటే ఒక్కో హుక్ మీద మొత్తం బలంలో 58 శాతం పడుతుంది. 90 అయితే 71 శాతం. 120 అయితే ఒక్కో హుక్ మీద మొత్తం 100 శాతం, అంటే రెండు హుక్‌లు పెట్టి కూడా ఏం లాభం లేదు. పైగా రెండింటినీ లోపలికి వంచుతుంది. పట్టీ పొడుగ్గా ఉండాలి, కోణం 60 లోపు ఉండాలి.

కైనెటిక్ తాడు తెగే బలం బండి బరువుకి రెండు, మూడు రెట్లు ఉండాలి. తాడు చాలకపోతే రెండు తాళ్ళని షాకిల్‌తో కలపొద్దు. మధ్యలో ఉన్న ఆ షాకిల్ ఒడిసెలలో రాయి లాంటిది.

ముందు పార, తర్వాత తాడు

హుక్ మీద భారం తగ్గించే అతి చౌకైన పరికరం పార. టైరు ముందు, వెనక మట్టి తీయండి, కడుపు కింద ఆనిన మట్టి తీయండి. టైరు గాలి 18 దాకా దించండి, పట్టు పెరుగుతుంది. టైరు కింద రాళ్ళు, కొమ్మలు, పత్తి కట్టె, ఏది దొరికితే అది వేయండి. ఫెండర్ దాకా ఉన్న బండిని టైరు లోతుకి తెచ్చారంటే నాలుగు టన్నుల పని రెండు టన్నులకి దిగినట్టే. పావుగంట చెమట. చాలాసార్లు తాడు అవసరమే పడదు.

ట్రాక్టర్ అన్న వచ్చినప్పుడు

శామీర్‌పేట అవతల తుర్కపల్లి, లక్ష్మాపూర్ వైపు దిగబడితే మనల్ని కాపాడేది రికవరీ కంపెనీ కాదు, పొలం దగ్గరి ట్రాక్టరే. "అన్నా, బండి దిగబడ్డది, జర గుంజుతవా" అంటే కాదనరు. కానీ ఆయన ప్రాణం మన చేతిలో ఉందని గుర్తు పెట్టుకోండి.

ట్రాక్టర్‌కి తాడు కట్టాల్సింది వెనక కింద, ట్రాలీ తగిలించే హుక్‌కే. పైన ఉండే టాప్ లింక్‌కి గానీ, యాక్సిల్ పైభాగానికి గానీ కట్టొద్దు. ఎత్తులో కడితే, దిగబడిన బండి కదలకపోతే, ట్రాక్టర్ ముందు చక్రాలు లేచి వెనక్కి డ్రైవర్ మీదే తిరగబడుతుంది. తేరుకునే టైమ్ కూడా ఉండదు.

ఆయన దగ్గర గొలుసే ఉంటే, తాడు బిగుతుగా అయ్యే దాకా అంగుళం అంగుళం కదలమని చెప్పండి. "అన్నా, ఝట్కా ఇయ్యకు, మెల్లగ గుంజు. నేను కూడా రివర్స్ గేర్ వేస్తా." ఈ రెండు మాటలు చాలు. జేసీబీ వస్తే బకెట్ పళ్ళకి తాడు తగిలించొద్దు, కత్తితో కోసినట్టు కోస్తాయి.

ఫోన్ పట్టుకున్నవాళ్ళు ఎక్కడ నిలబడాలి

ఇది మీకోసమే చెప్తున్నా, ఎందుకంటే గ్రూప్‌లో వీడియో తీసేది మీరే. రీల్‌కి మంచి యాంగిల్ ఎక్కడ దొరుకుతుంది? రెండు బండ్ల మధ్యలో, తాడు పక్కన, లేదా గుంజే బండి ముందు. ఊడిన ఇనుము వచ్చేది కూడా సరిగ్గా అక్కడికే.

లెక్క సింపుల్. తాడు పొడుగుకి ఒకటిన్నర రెట్లు దూరం. 9 మీటర్ల తాడు అయితే 14 మీటర్లు, సుమారు 20 అడుగులు వేసి నిలబడండి. అది కూడా పక్కకి, తాడు వరసలో కాదు. దగ్గరగా కావాలంటే జూమ్ చేయండి, లేదా ఫోన్ రాయికి ఆనించి రికార్డింగ్ పెట్టి మీరు దూరం జరగండి. ఫోన్ పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు.

ఊళ్ళో బండి దిగబడిందంటే పిల్లలు చుట్టూ చేరతారు. వాళ్ళకి తాడు ఒక ఆట. ఒక మనిషిని కేవలం పిల్లల్ని దూరంగా ఉంచడానికే పెట్టండి. తాడు మధ్యలో తడి గోనె సంచి గానీ, బరువైన దుప్పటి గానీ వేయండి. తెగితే ఎగరకుండా కొంత కిందికి లాగుతుంది, పూర్తిగా కాదు. బండ్లలో డ్రైవర్లు తప్ప ఎవరూ ఉండొద్దు, అద్దాలు ఎత్తి ఉండాలి. సైగ చేసేది ఒక్కరే. పది మంది "ఆ, రా రా రా" అంటే డ్రైవర్ ఎవరి మాట వినాలి? ఎవరికైనా దెబ్బ తగిలితే వెంటనే 108, లేదా 112.

మొత్తం ఒక చోట

బురదలోకి దిగకముందే, ఇంటి దగ్గరే పాయింట్ చూసుకోండి. వెనక పాయింట్ మొదట. బోల్టు గ్రేడ్ చూడండి. మాన్యువల్ పీడీఎఫ్ ఫోన్‌లో పెట్టండి. రేటింగ్ లేని షాకిల్ బండిలో ఉంటే ఈరోజే తీసేయండి, ఎందుకంటే ఉంటే వాడేస్తాం. దిగబడ్డాక ముందు తవ్వండి, గాలి దించండి. మంచి పాయింట్ లేకపోతే ఝట్కా లేదు, మెల్లగా గుంజడమే. అది కూడా కుదరకపోతే బండిని రాత్రికి అక్కడే వదిలేసి ఇంటికి పొండి. రాజీవ్ రహదారి మీద బస్సులు తిరుగుతూనే ఉంటాయి. పొద్దున వచ్చి తీసుకుంటే బండికి ఏం కాదు, మనిషికీ ఏం కాదు.

రేపు మీ ఫ్రెండ్ బంపర్ కింద చెయ్యి పెట్టి "ఏదో రింగ్ ఉంది రా" అంటే, ఒక్క ప్రశ్న అడగండి: "అది దేనికి బిగించి ఉంది?" జవాబు తెలిసే దాకా తాడు మీ చేతిలోనే ఉండాలి.

ఈ ఎపిసోడ్‌కి ఇంతే. తర్వాతి దాంట్లో వించ్ గురించి మాట్లాడుకుందాం, చెట్టుకి కట్టేటప్పుడు చెట్టు చచ్చిపోకుండా ఎలా కట్టాలో కూడా చెప్తా. ఉంటాను, జాగ్రత్తగా నడపండి.